చాడీల అద్దం

"నడవలేని పిల్లాడికిస్తే నేనెందుకు కాదంటాను? వీడు కుందేలులా గెంతుతుంటాడే!" అంది హెర్మీనా, కాఫీ కప్పు చెల్లెలి ముందుకు తోస్తూ.

చెల్లెలు కోర్రీ రాటర్‌డామ్ నుంచి చూడడానికి వచ్చింది. ఒక బిస్కట్ తీసుకుంది. హెర్మీనా వెంటనే డబ్బా మూత పెట్టేసింది.

గొడవంతా ఎదురింటి ముందున్న కారు చోటు గురించి. ఎదురింటి లీస్‌బెత్ తన కొడుకు టైమెన్ వికలాంగుడని, తమ కారు తప్ప ఇంకోటి అక్కడ ఆగకుండా నీలం బోర్డు పాతమని పురపాలికను అడిగింది. ఒకసారి కాదన్నారు. మళ్ళీ అడిగింది. ఈసారి ఇరుగుపొరుగుల మాట కూడా వింటామని సమావేశం పెట్టారు.

కాలువ గట్టున సన్నటి వీధి అది. కారు ఆపుకునే చోట్లే తక్కువ. వాటిలో ఇది మేలైనది. ఇన్నాళ్ళూ అక్కడ ఆగేది హెర్మీనా కారు. లీస్‌బెత్ తన కారును వంతెన అవతలెక్కడో ఆపి, కొడుకు చెయ్యి పట్టుకుని గట్టు వెంట నడిచొచ్చేది.

"ఇంతకీ వాడికి జబ్బేమిటక్కా?"

"ఏదో బుర్రలో తేడా అంటారు. బుర్రకీ కారుకీ సంబంధమేమిటే? పదేళ్ళ గాడిద. ఇప్పటికీ అమ్మ చెయ్యి వదలడు. అంతా గారం. ఈ కాలపు తల్లులకు పిల్లల్ని అదుపులో పెట్టడం చేతకాదు. బోర్డులడగడం మాత్రం వచ్చు."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

హెర్మీనా గర్వంగా కిటికీ వైపు చూపించింది.

ఆ వీధిలో కిటికీలకు తెరలుండవు. లేవు కదా అని ఎవరూ ఆ కిటికీల్లోంచి చూడకూడదు. చూసినా చూడలేదనాలి. అది మర్యాద. హెర్మీనాకు ఆ చిక్కు లేదు. ఆవిడ కిటికీ చట్రానికి బయటవైపు వాళ్ళమ్మ కాలం నాటి చిన్న అద్దముంది. కుర్చీలో కూర్చుని అల్లిక అల్లుకుంటూనే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడొచ్చు. తల తిప్పక్కర్లేదు. కాబట్టి చూసినట్టూ కాదు.

మర్నాడు రొట్టెల దుకాణం ముందు లీస్‌బెత్ ఎదురైంది.

"అమ్మాయ్! సిగ్గనిపించడం లేదా? నిజంగా చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోడమే ఇది."

లీస్‌బెత్ కోపం తెచ్చుకోలేదు. ఆవిడ ముఖం కేసి ఒక్క క్షణం పరీక్షగా చూసింది.

"మీరు మావాణ్ణి చూస్తుంటారా?"

"అన్నీ చూస్తాను!"

"అయితే సమావేశానికి రండి. చూసిందంతా అక్కడ చెప్పండి. ఒక్క ముక్క కూడా మిగల్చకండి."

"ఎంత పొగరే!" అని ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది హెర్మీనా. "నన్నే సవాలు చేస్తుందా? చూపిస్తాను."

సమావేశానికి ముత్యాల దండ వేసుకుని వెళ్ళింది. వీధివాళ్ళు నలుగురొచ్చారు. "మేం కిటికీలోంచి చూసేవాళ్ళం కాదు, మాకేం తెలియదు" అని ముక్తసరిగా చెప్పి కూర్చున్నారు. హెర్మీనా లేచింది.

"మొన్న మంగళవారం ఈవిడ సంచులు మోసుకుంటూ గట్టు మీద వస్తోంది. వీడు చెయ్యి విదిలించుకుని ఒకటే పరుగు! తిన్నగా కాలువ వైపు. ఈవిడ సంచులు పారేసి వెనకాల. నీళ్ళ అంచున కాలరు దొరకబుచ్చుకుంది. యాపిల్ పళ్ళన్నీ కాలువపాలు! ఇది నడవలేని పిల్లాడు చేసే పనేనా?"

"ఒక్కసారే చూశారా?" అడిగాడు అధ్యక్షుడు.

"ఒక్కసారా! మంచు పడ్డ రోజు రోడ్డుకి అడ్డంగా పరుగెత్తాడు. వ్యాను కీచుమని ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్లు కిటికీ మూసున్నా వినబడ్డాయి. వంతెన దగ్గరైతే లెక్కే లేదు. వాడి కాళ్ళకు మీ కాళ్ళకున్నంత బలముంది, నాదీ పూచీ!"

"స్వయంగా చూశారా?"

"ప్రమాణం చేస్తాను. నా అద్దంలో అన్నీ కనబడతాయి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడు లీస్‌బెత్ వైపు తిరిగాడు. "మీరేమైనా చెబుతారా?"

"లేదండీ. ఆవిడ చెప్పిందంతా నిజం."

హెర్మీనా గెలిచిన కోడిపుంజులా మెడ నిక్కించి ఇంటికొచ్చింది. "నోరు పడిపోయిందే దానికి!" అంది ఫోన్లో.

కొన్ని వారాల తరవాత ఒక పొద్దున్న అద్దంలో ఇద్దరు పనివాళ్ళు కనబడ్డారు. ఎదురింటి ముందు రాళ్ళు పెకలించి స్తంభం పాతుతున్నారు. దాని మీద నీలం బోర్డు. దాని కింద లీస్‌బెత్ కారు నంబరు.

హెర్మీనా ఇంటి చెప్పులతోనే వీధి దాటింది.

"ఇదేం అన్యాయం? వాడు పరుగెడతాడని అందరి ముందూ చెప్పానే నేను!"

లీస్‌బెత్ కొడుకు చెయ్యి వదలకుండా, రెండో చేత్తో గడప పక్కనున్న బిస్కట్ల డబ్బా తీసి, మూత లేకుండానే ఆవిడ చేతిలో పెట్టింది.

"డాక్టరు ముందు వీడు బొమ్మలా కూర్చున్నాడండీ, వీధిలో ఎవరినడిగినా చూడలేదన్నారు, చెయ్యి వదిలితే కాలువలోకి పరుగెడతాడని కళ్ళారా చూసిన పరాయి మనిషి ఒక్కరైనా వచ్చి చెబితేనే ఈ బోర్డు ఇస్తామన్నారు."