తెల్ల ఎలుగుబంటి పాఠం

గుమ్మంలో ఆవిడ కనబడగానే ప్రకాశరావు బెత్తం గబుక్కున బల్లకింద దాచేశాడు.

"రండి అమ్మగారూ, రండి! లేవండర్రా వెధవల్లారా, నమస్కారం పెట్టండి!"

ఆవిడ వెళ్ళి చివరి బెంచీలో ఆడపిల్లల పక్కన కూర్చుంది. ఆవిడ వెంట గొడుగుతో వచ్చిన పెద్దాయన కూడా లోపలికి రాబోతే ప్రకాశరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కడికోయ్? బంట్రోతులు వరండాలోనే."

ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ తలూపింది. "అలాగేనండి" అంటూ ఆయన ఎండ పడుతున్న మెట్టుమీద చతికిలబడ్డాడు.

పొద్దున్నే హెడ్మాస్టరు దక్షిణామూర్తిగారు పిలిచి, "ఇవాళ ఒకావిడ నీ పాఠం వినడానికి వస్తుంది. కాస్త మర్యాదగా ఉండు" అన్నారు. ఎవరో చెప్పలేదు. చెప్పాలా ఏమిటి? ఈ నెలలో బందరు నుంచి ఇన్‌స్పెక్షను ఉండనే ఉంది. ఆ రిపోర్టు బాగుంటేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఈ నాగాయలంక బోర్డు స్కూల్లో ఇంకో ఏడాది దేవులాట. ప్రకాశరావు దృష్టిలో దివిసీమంతా బురద, పిల్లలు ఆ బురదలో ఎండ్రకాయలు. అది చాలనట్టు ఇప్పుడొక ఆడ ఇన్‌స్పెక్టరు! నిండా పాతికేళ్ళు లేవు, ఈవిడా తన చదువుకి మార్కులు వేసేది? లోపల ఒళ్ళు మండుతున్నా మొహం మీదకి మాత్రం బోలెడంత వినయం తెచ్చుకున్నాడు.

"కాబట్టి పిల్లలూ, పరిసరాలు మారితే జంతువులూ మారతాయి. మంచుదేశంలో ఎలుగుబంటి ఎలా ఉంటుంది?"

"తెల్లగా ఉంటుందండీ!"

అంతా సవ్యంగా సాగుతుండగా చివరి బెంచీలో సరోజ లేచింది.

"మా తాతమ్మ చిన్నప్పుడు మన బీళ్ళల్లో జింకలు మందలు మందలుగా తిరిగేవంటండీ. కాలవ నీళ్ళొచ్చి బీళ్ళన్నీ వరిచేలు అయ్యాక ఒక్కటీ లేదంట. అయ్యెందుకు మారలేదండీ?"

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గరిటె తిప్పుకునేదానికి జింకల గొడవెందుకే? ఎక్కు బెంచీ!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. సరోజ కళ్ళనీళ్ళతో బెంచీ ఎక్కింది.

ఆవిడ తలెత్తి ఆ పిల్లని చూసింది. తర్వాత ప్రకాశరావుని చూసింది. "మాస్టారూ, నిజమే, జింకలెందుకు మారలేదు?"

"ఆహా! ఎంత గొప్ప ప్రశ్న అడిగారు అమ్మగారూ!" ప్రకాశరావు రెండు చేతులూ జోడించాడు. "ఆ మార్పు ఒక్క జంతువులో వచ్చేది కాదండి. తరాలు పడుతుంది. ఉన్నవాటిలో కొత్త చోటుకి సరిపడ్డవి బతుకుతాయి, వాటి పిల్లలు బతుకుతాయి. ఇక్కడ నీళ్ళు నాలుగేళ్ళలో వచ్చిపడ్డాయి. పాపం జింకలకి వ్యవధేదండీ? మీలాంటి వారికి తప్ప ఇంత లోతైన సందేహం రాదు."

"ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది."

"దానికది అలవాటేలెండి."

గంట కొట్టారు. పిల్లలు బయటికి పరిగెత్తారు. ఆవిడ మాత్రం సరోజని చెయ్యి పట్టి కిందికి దించి, పంపించి, అప్పుడు దగ్గరికొచ్చింది.

"ఇక్కడ మీ ఇంట్లో ఎవరెవరుంటారు మాస్టారూ?"

ఇన్‌స్పెక్టరు ఇంటి సంగతులు కూడా అడిగిందంటే పని అయినట్టే అనుకున్నాడు ప్రకాశరావు.

"నేనూ, మా అమ్మా అండి. పెద్దదైపోయింది, వంట చెయ్యలేకపోతోంది. అందుకే సంబంధాలు చూస్తోంది. గుడివాడ వైపు ఎవరో చదువుకున్న పిల్ల ఉందట."

"చదువుకున్న పిల్లయితే మంచిదేగా?"

"చదువుదేముందండీ! నాలుగేళ్ళు పొయ్యి ముందు కూర్చోబెడితే అదే మారుతుంది. ఇవాళ్టి పాఠం అదేగా!" తన చమత్కారానికి తనే నవ్వుకుని, నాలిక కరుచుకున్నాడు. "మీ సంగతి వేరండోయ్. మీరు ఆఫీసర్లు."

ఆవిడ నవ్వలేదు. రోడ్డు మీద పేడకుప్పని చూసి తప్పుకునేవాళ్ళ మొహంలా ఉంది ఆవిడ మొహం. అధికారుల మొహాలు అలాగే ఉంటాయని ప్రకాశరావు సరిపెట్టుకున్నాడు.

"చూడవలసింది చూశాను. వస్తాను."

"మరి నా సంగతి... కాస్త దయ ఉంచాలి అమ్మగారూ."

"నేను చెప్పవలసినవారికి ఇప్పుడే చెప్పేస్తాను" అంటూ ఆవిడ వరండాలోకి నడిచింది.

ప్రకాశరావు గాల్లో తేలుతూ వెనకే వచ్చాడు. చెమటలు కక్కుతూ మెట్టుమీద కూర్చున్న పెద్దాయన మీద గుడ్లురిమాడు.

"లేవవేమోయ్? అమ్మగారికి గొడుగు పట్టు!"

పెద్దాయన లేచి గొడుగు విప్పాడు. ఆవిడ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, ఆయన తలమీదే పట్టింది.

"నాన్నగారూ, ఈ సంబంధం నాకొద్దు."