కుడిపక్క సీటు

“అయితే నాది ఐరన్ లెగ్ అంటారు!”

నర్సు కాఫీ కప్పు ఠక్కున బల్లమీద పెట్టింది.

“నేనన్నానా ఆ మాట?” అన్నాడు ఆమె భర్త, పైలట్.

“మీరనలేదు. మీ మొహం అంటోంది పొద్దుట్నుంచీ.”

“నువ్వు ఎక్కితే ఆటోపైలట్ ఆగిపోతోంది. నువ్వు లేకపోతే బుద్ధిగా పనిచేస్తోంది. ఏడుకి ఏడుసార్లు! నేనేం చెయ్యను?”

“సర్వో మార్పించారుగా?”

“రెండుసార్లు.”

సర్వో అంటే విమానం పక్కకి ఒరిగిపోకుండా చూసుకునే చిన్న మోటారు. అది ఎందుకు ఆగిపోతోందో ఇద్దరు మెకానిక్కులకీ అంతుపట్టలేదు.

అత్తగారు కలగజేసుకుంది. “కొన్ని యంత్రాలకి కొందరు సరిపడరురా. మన మిక్సీ చూడు, నేను ముట్టుకుంటేనే తిరుగుతుంది.”

“మిక్సీ ఆగితే పిండి ఆగుతుందమ్మా. సరస్సు మీద, మబ్బులో ఇది ఆగితే నా గుండె ఆగుతుంది.” ఆ తర్వాత భార్య వైపు చూడకుండా అన్నాడు. “ఈ గురువారం నుంచి వేరే నర్సుని తీసుకెళ్తాను.”

నాలుగేళ్లుగా ప్రతి గురువారం ఆమె అతని విమానంలో సరస్సు మధ్యనున్న దీవికి వెళ్తోంది. అక్కడున్నవి అరవై ఇళ్లు. డాక్టరైనా, మంత్రసానైనా ఆమే.

“ఆరుగురు కడుపుతో ఉన్నారక్కడ. ఒక పిల్లకి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నా చెయ్యి పట్టుకుని, నువ్వే రావాలక్కా అంది. దానికేం చెప్పమంటారు?”

పైలట్ లేచి విమానం షెడ్డు తాళాలు తీసుకున్నాడు.

“నానమ్మని పంపుదాం నాన్నా. మిక్సీ తిప్పినట్టు తిప్పేస్తుంది” అంది కూతురు.

ఎవరూ నవ్వలేదు.

విమానంలో ఉన్న మందుల సంచీ తెచ్చుకోవడానికి నర్సు అతని వెంట షెడ్డుకి వెళ్లింది. తలుపు దగ్గర ఒక ముసలాయన గుడ్డసంచీతో నిలబడి ఉన్నాడు. బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, చెప్పులనిండా దుమ్ము.

“ఆటోపైలట్ ఏమైనా తిక్కతిక్కగా ఉందా బాబూ?”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను.”

పని వెతుక్కుంటూ వచ్చాడు కాబోలు అనుకున్నాడు పైలట్. “ఇద్దరు చూసి వదిలేశారు. మీరేం చూస్తారు?”

“విమానం సంగతి తర్వాత. మీ పక్కన ఎవరు కూర్చుంటారు?”

“మా ఆవిడ.”

“అమ్మా, గాల్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి.”

ఆమె పొట్టి మనిషి. అలవాటుగా సీటును పూర్తిగా ముందుకి, చివరి గాడిలోకి జరుపుకుంది. ఆటోపైలట్ ఆన్ చేయించి, “ఇప్పుడు గాలి కుదిపినట్టు అటూ ఇటూ ఊగండి” అన్నాడు ముసలాయన.

ఆమె సిగ్గుపడుతూ ఊగింది.

కీచుమంది. ఆటోపైలట్ దీపం ఆరిపోయింది.

“మెకానిక్కుల దగ్గర ఒక్కసారి కూడా రాలేదే ఇది!” అన్నాడు పైలట్.

“కాళ్లు బారుగా ఉన్నవాళ్లయి ఉంటారు. సీటు వెనక్కి నెట్టేసి కూర్చుంటారు.”

ముసలాయన సీటు కింద వెల్లకిలా పడుకున్నాడు. నోట్లో టార్చి, చేతిలో చిన్న అద్దం. కాసేపటికి పైలట్‌ని వంగి చూడమన్నాడు. సర్వోకి వెళ్లే తీగమీద సీటు కాలు రాపాడి, పైతొడుగు ఊడి, లోపలి రాగి మెరుస్తోంది.

“చూశారా? నా కాలు కాదు, సీటు కాలు” అంది నర్సు.

పైలట్ తల దించుకున్నాడు.

ముసలాయన కొత్త తీగ వేశాడు. ఈసారి సీటు జోలికి పోకుండా పక్కగోడ వెంట తీసుకొచ్చి క్లిప్పులు బిగించాడు. తర్వాత ఆమెని ఒక్కో గాడిలో కూర్చోబెట్టి ఊగమన్నాడు. తొమ్మిది గాడులూ అయ్యాయి. మళ్లీ మొదట్నుంచి అన్నాడు.

“ఒకసారి చాలదా?” అన్నాడు పైలట్.

“ఆవిణ్ణి ఒక్కసారే తీసుకెళ్తారా మీరు?”

రెండోసారీ కీచుమనలేదు. అప్పుడొచ్చింది పైలట్‌కి కోపం.

“బుద్ధున్నవాడెవడైనా తీగని సీటు కిందనుంచి లాగుతాడా? ఇంటిదాన్ని అనరాని మాటలన్నాను వాడివల్ల. వాణ్ని వదలను. ఫిర్యాదు పెడతాను!”

“పెట్టండి బాబూ, పెట్టాలి కూడా.” ముసలాయన చేతులు తుడుచుకుంటున్నాడు. “బిగించినవాడి పేరు పాత లాగ్‌బుక్కులో ఉంటుంది. సరిగ్గా చూసి మరీ రాయండి.”

చేసిన పనంతా కొత్త లాగ్‌బుక్కులో పొందిగ్గా రాసి, కింద సంతకం పెట్టాడు. కాఫీ తాగి వెళ్లమంటే, బస్సుకి టైమైందని సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే పైలట్ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని సరస్సు మీద ముప్పావుగంట తిరిగొచ్చాడు. ఆటోపైలట్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె కిటికీలోంచి దీవిని చూస్తూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. పైలట్ ఆలస్యంగా వచ్చాడు. చేతిలో రెండు లాగ్‌బుక్కులున్నాయి.

“పంపావా ఫిర్యాదు?” అంది అతని తల్లి.

“లేదమ్మా. పేరు చూసి, అతను పనిచేసిన వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. రిటైరై ఆరేళ్లయిందట.”

“తప్పించుకున్నాడన్నమాట” అంది నర్సు.

“ఎక్కడో ఒక విమానంలో తన తప్పు బయటపడిందట. అలా బిగించినవి పంతొమ్మిది. అందరికీ ఉత్తరాలు రాశాడు. విమానాలు చేతులు మారిపోయి, ఉత్తరాలన్నీ తిరిగొచ్చేశాయి.”

“మరేం చేశాడు?” అంది కూతురు.

పైలట్ రెండు పుస్తకాలూ తెరిచి పళ్లేల మధ్య పెట్టాడు. రెండింట్లోనూ ఒకే సంతకం. గొంతు తగ్గించి, అందరికీ కలిపి చెప్పాడు.

“ఒక్కో విమానాన్నీ వెతుక్కుంటూ తనే వెళ్లి బాగుచేస్తున్నాడట. మనది పదహారోది. గురువారం మీ అమ్మని దీవిలో దింపేశాక, మిగిలిన మూడింటి దగ్గరికీ, నిన్న మన సీటు కింద పడుకున్న ఆ పెద్దాయన్ని నేనే తీసుకెళ్తున్నాను.”