అక్క తొందర

“మిషను అబద్ధం చెప్పదమ్మా, మనుషులే చెప్తారు,” అంటూ పెద్దసిస్టర్ గర్భిణి చేతికి పట్టీ మళ్ళీ బిగించింది. బీపీ దిగలేదు సరికదా, ఇంకాస్త ఎగబాకింది.

మంచం మీద ఉన్నామెకు ఏడో నెల. పక్కన నిలబడ్డది ఆమె అక్క. ఎప్పుడూ చూపించుకునే ఆసుపత్రి ఊరికి ఆ చివరన ఉంది. అక్కడికి వెళ్తుంటే తల పగిలిపోతోందని చెల్లెలు దారిలోనే కూలబడిపోవడంతో, దగ్గర్లో కనిపించిన ఈ ఆసుపత్రికి తీసుకొచ్చేసింది.

డాక్టరమ్మ గబగబా అడిగింది. “సుగరుందా? థైరాయిడ్? పీసీఓడీ ఏమైనా?”

“అవన్నీ నాకున్నాయండీ,” అంది అక్క. “దానికేమీ లేవు. ఈ కడుపుతోనే సుగరొచ్చింది, ఒళ్ళూ వచ్చింది.”

“మీ సంగతి కాదమ్మా, ఆవిడ సంగతి అడుగుతున్నాను. ఇలాంటివి ఉన్నవాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే ముప్పు ఎక్కువ.”

“తెలుసండీ. నాకలాగే పెరిగి బిడ్డ పోయింది.”

మనిషిని చూడగానే జాతకం చెప్పేయగలనని పెద్దసిస్టర్‌కు గట్టి ధీమా. ఎవరి గురించి అడిగినా తన గోడే చెప్పుకునే రకం అని అక్కను అప్పుడే ఒక లెక్కలో వేసేసింది. ఫిట్స్ రాకుండా మందు ఎక్కిస్తూనే చెవి మాత్రం ఇటే పెట్టింది.

“బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి సూది వేస్తున్నాం,” అంది డాక్టరమ్మ. “రెండు రోజులాగితే బిడ్డకి మంచిది. కానీ ఆగితే తల్లి ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పుడే తీస్తే బిడ్డ నిలుస్తుందని మాటివ్వలేను.”

“ఆగుదామండీ,” అంది చెల్లెలు. “తలనొప్పి తగ్గింది.”

“తగ్గలేదండీ,” అంది అక్క. “పొద్దున గ్లాసు అందుకోబోయి పక్కనున్న గాలిని పట్టుకుంది. కళ్ళ ముందు మెరుపులట. ఇప్పుడే తీసేయండి.”

పుచ్చిపోయిన పన్ను తీసేయమన్నట్టే అంది. పెద్దసిస్టర్‌కు ఒళ్ళు మండింది. “బిడ్డ దక్కకపోతేనో?”

“దక్కకపోతే దక్కదు. దానికి ఇంట్లో ఒక కొడుకున్నాడు. వాడికి తల్లి కావాలి.”

తనకు ఒక్కరూ లేరు, చెల్లెలికి రెండోది ఎందుకన్న కడుపుమంట కాబోలు అనుకుంది పెద్దసిస్టర్. ఒక తల్లి కడుపున పుట్టినంత మాత్రాన ఓర్వలేనితనం పోతుందా అని కూడా అనుకుంది.

“నిర్ణయం మీ చెల్లెలిది,” అంది డాక్టరమ్మ. “ఆవిడ భర్తేరీ?”

“దారిలో ఉన్నాడండీ. ఫోన్లో చెప్పాను, ఆమె మాటే నా మాట అన్నాడు.”

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. “ఇన్ని నెలలు మోశానే. ఇంకో రెండు రోజులు మోయలేనా?”

అక్క వంగి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. “నిన్ను పోగొట్టుకుని ఆ బిడ్డను చూస్తూ నేను బతకలేను. ఒప్పుకోకపోతే నా మీద ఒట్టే.”

బీపీ మిషను మళ్ళీ కూసింది. డాక్టరమ్మ అంకె చూసి పెదవి కొరుక్కుంది. చెల్లెలు కళ్ళు మూసుకుని తలూపింది.

ఆపరేషన్ గది తలుపు దాకా వచ్చి అక్క ఆగిపోయింది. లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. గోడకు ఆనుకుని, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

లోపల చెల్లెలు వెక్కివెక్కి ఏడుస్తోంది. పెద్దసిస్టర్‌కు జాలి ముంచుకొచ్చింది, దానితో పాటు నోరూ ఆగలేదు.

“ఊరుకో తల్లీ, ఏడిస్తే బీపీ ఇంకా పెరుగుతుంది. మీ అక్క మాటలు మనసులో పెట్టుకోకు. తన బిడ్డే అయితే అంత మాట అనేదా?”

“అది అక్క బిడ్డే సిస్టర్, నేను మోశానంతే.”