రాళ్లబుట్ట పరీక్ష

“ఈ బుట్ట విడిపోకుండా నిలిచిందంటే, రేపట్నుంచి మీ షెడ్డుకు తాళమే,” అన్నాడు స్ప్రింగుల కంపెనీ ఏజెంటు, బూట్ల బురద దులుపుకుంటూ.

ఏటి గట్టున గోడ లేస్తోంది. ఇనుప జాలీతో చేసిన పెట్టెల్లాంటి బుట్టల్లో రాళ్లు నింపి, ఒకదానిమీద ఒకటి పేర్చే గోడ. బుట్ట అంచుల్ని కలిపి పట్టుకునేది పొడవాటి స్ప్రింగు. స్పైరల్ నోటుపుస్తకానికి ఉన్నట్టే, తిప్పుకుంటూ పోతే రెండు జాలీలనూ గడిగడికీ కుట్టేస్తుంది. ఆ స్ప్రింగుల్ని గట్టు పక్క రేకుల షెడ్డులో మేస్త్రమ్మ, ఆమె ఆడపడుచు, మరో ముగ్గురు ఆడవాళ్లు కడ్డీకి తీగ చుట్టి తయారుచేస్తారు. ఐదిళ్లలో పొయ్యి వెలిగేది ఆ కడ్డీ వల్లే.

కంపెనీ పంపిన స్ప్రింగులతో ఒక బుట్ట కట్టి ఉంచమని ఇంజినీరు నిన్న మేస్త్రమ్మకే పురమాయించాడు. అది పరీక్షకు నిలిస్తే ఇకమీదట సరుకంతా కంపెనీదే.

“సార్, ఈ బుట్ట సంగతి ఒక్క మాట...” అంది మేస్త్రమ్మ, పక్కనే నిలబడ్డ ఇంజినీరుతో.

“మాటల్తో రాళ్లు ఆగవమ్మా. ముందు ఎత్తనివ్వు,” అన్నాడు ఏజెంటు.

క్రేను బుట్టను మనిషెత్తు లేపింది. టన్నున్నర రాళ్లు. ధబ్బున వదిలింది. కాళ్ల కింద నేల అదిరింది. జాలీ బానపొట్టలా ఉబ్బింది గానీ అంచులు కదల్లేదు.

“ఇంకోసారి!” అన్నాడు ఏజెంటు.

రెండోసారి, మూడోసారి. లోపల రాళ్లు పగిలి పొడి రాలింది. ఒక్క మెలికా జారలేదు.

“బుట్టకంటే ముందు నా క్రేను విడిపోయేట్టుంది బాబూ!” అని డ్రైవరు పైనుంచి అరిచాడు.

ఏజెంటు బుట్ట చుట్టూ తిరిగి, వేలితో మెలికలు తడిమాడు. “చూశారా సార్! అచ్చు పోసినట్టు ఎంత కొలతగా ఉన్నాయో! ఇదే చేత్తో చుట్టినవైతే, ఈపాటికి రాళ్లు ఏట్లో ఈతకొడుతుండేవి.”

“సార్, ఆ మాటే నేను...”

“ఓడినప్పుడు ఊరుకోవాలమ్మా.”

ఆడపడుచు ఆమె మోచేయి గిల్లింది. “ఊరుకో వదినా. మాటలు కోటలు దాటుతున్నాయిగా, దాటనీ.”

ఇంజినీరు రిజిస్టరు తెరిచాడు. “ఏమని రాయమంటారు?”

“ఈ బుట్టకు వాడిన స్ప్రింగునే గోడ పూర్తయ్యేదాకా వాడాలి, వేరేది గట్టు ఎక్కకూడదు అని రాయండి సార్. దీన్ని మించింది లేదని కంపెనీ తరఫున నేనే సంతకం పెడతా.”

ఇంజినీరు అలాగే రాశాడు. ఏజెంటు సంతకం గీకాడు. ఇంజినీరు తనదీ పెట్టి, ముద్ర గుద్ది, అప్పుడు ఇటు తిరిగాడు.

“ఏమ్మా, ఇందాకట్నుంచి ఏదో చెప్పబోతున్నావు. ఏమిటది?”

మేస్త్రమ్మ చేతుల గ్రీజు తుడుచుకుంది.

“మన జాలీ గడి మూడంగుళాలు, వీళ్లు పంపిన స్ప్రింగులో మెలికల ఎడం నాలుగంగుళాలు సార్. ఒక్కటీ ఎక్కలేదు... అందుకని మేం చుట్టినవే ఎక్కించాం.”