ఒంటి లోలాకు

నా కుడిచెవికి వినపడదు. చనిపోయేముందు అక్క తన లోలాకు ఒకటి తీసి ఆ చెవికే పెట్టింది. "తియ్యకే పిచ్చిదానా, నీ బదులు నేను వింటుంటాలే" అంది. రెండోది తన చెవికే ఉండిపోయింది.

"ఒంటి లోలాకేంటే, కొత్త ఫ్యాషనా?" అని కుట్టుమిషన్ల దగ్గర అందరూ నన్ను ఏడిపిస్తుంటారు.

ఒక రాత్రి పని ముగించి అందరికంటే ఆఖరున బయల్దేరి లిఫ్టు ముందు నిలబడ్డాను. గాలి ఆడటం లేదు. తలుపు తెరుచుకుంది. అడుగు వేయబోతుంటే లోలాకు ఊగి చెంపకు టపటపా తగిలింది. ఆగి చూశాను. లోపల లిఫ్టు లేదు. చీకటి గొయ్యి ఉంది.

చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను.

"బతికించావక్కా!"

లోలాకు ఊగడం ఆగింది. వినపడని చెవిలో, చాలా దగ్గరగా, అక్క "ఊఁ" అంది.