నుదుటి మచ్చ

దినాల నాడు భోజనాలకు ముందు పోయినవాళ్ల సినిమా వేయడం గోదావరిఖనిలో ఇప్పుడు మామూలైంది. ఫొటోల డ్రైవును తగిలిస్తే సాఫ్ట్‌వేరు అప్పటికప్పుడు మనిషిని నడిపించి మాట్లాడిస్తుంది.

ఆ ఉదయం ఎడిటర్ సునంద, ఓదేలు సినిమాను ముందుగా అతని భార్య మొగిలమ్మకు చూపించింది. తెర మీద ఓదేలు చాయ్ తాగుతున్నాడు.

"ఈయనెవరు బిడ్డా?"

"గదేందమ్మా, మీ ఆయననే గుర్తుపడతలేవా?"

"నొసటి మీద మచ్చేది? బొగ్గుబాయిల దెబ్బ తాకినప్పుడు పుండుల బొగ్గు నిండి పడ్డది. ముప్పయ్యేండ్లు కడిగినా పోలే."

డ్రైవు వైరు వదులైంది. అది ఊడినా సినిమా ఆగదు. ఫొటోలు అందకపోతే సాఫ్ట్‌వేరు తానే ఒక మనిషిని ఊహించి పెడుతుంది. సునంద వైరును నొక్కగానే మచ్చ వచ్చింది.

"మచ్చ లేకుంటనే బాపు మంచిగున్నడు, ఉండనీయే" అన్నాడు కొడుకు తిరుపతి.

"రేపు నీ పిల్లలు గాయన్నే తాత అనుకుంటరురా."

వేరే వైరు దొరకలేదు. మధ్యాహ్నం టెంటు కింద రెండు వందల మంది కూర్చున్నారు. సునంద పట్టుకుంటానన్నా మొగిలమ్మ వినలేదు. తెర వెనక నేల మీద కూర్చుని, వైరును రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది. అక్కడికి సినిమా కనబడదు. ముందు వరుసలో ఉన్న చెల్లెలు రాజవ్వను అడుగుతూనే ఉంది.

"మచ్చ ఉన్నదానే?"

"ఉన్నదక్కా."

"ఇప్పుడు?"

"ఉన్నది, నువ్వు కదలకు."

వేళ్లు తిమ్మిరెక్కాయి. వైరు కొద్దిగా జరిగినట్టు అనిపించింది.

"రాజవ్వా, ఉన్నదా?"

రాజవ్వ మెడ చాచి తెరను చూసింది.

"బావ బాయికి పోతుండక్కా. టోపీ పెట్టిండు. నొసలు కనపడతలేదు."