చుండ్రు కావలెను

"చచ్చాయా? అన్నీనా?" మేనేజరు గావుకేక పెట్టాడు.

అన్నీ. చుండ్రు పుట్టించే బూజును రెండు నెలలుగా గాజుపళ్లేల్లో కంటికి రెప్పలా సాకింది ల్యాబ్ అమ్మాయి. అది ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయింది. గంటలో ఓనరు వస్తాడు. పదేళ్లుగా సొంత షాంపూ తప్ప మరోటి నెత్తికి తాకనివ్వని మనిషి. కొత్త షాంపూ ఆ బూజును చంపుతుంటే కళ్లారా చూడాలని ఆయన ముచ్చట. చూపించలేకపోతే అమ్మాయి రేపటినుంచి రానక్కర్లేదు.

"నిన్న దానికి ఏం మేత వేశావ్?"

"నూనె చుక్కే సార్, రోజూ తినేదే. ల్యాబ్ సీసా అయిపోతే... నా బ్యాగులోది వేశాను."

బ్యాగులోది అత్తగారి నూనె. నిమ్మగడ్డి, మరువం, ఇంకా ఏవో ఆకుల సారం తీసి కలిపింది. "చుండ్రు రాకుండా మా అమ్మమ్మనాటి మందమ్మా, రాసుకో" అని నెల కిందట బలవంతాన చేతిలో పెట్టింది. కెమిస్ట్రీ చదివిన కోడలు ఆకుపసర్లు పూసుకుంటుందా? మూత తీస్తే ఒట్టు. పాపం బూజైనా తిని బతుకుతుందని దానికి పెట్టింది.

"అంటే మీ అత్తగారి నూనె రాత్రికి రాత్రి చేసిన పని, మన షాంపూ రెండు నెలల్లో..." మేనేజరు మిగతాది మింగేశాడు. గోడలకు చెవులుంటాయి కదా.

"సార్, నాకు లేదుగానీ, చుండ్రున్న తల ఒక్కటి దొరికితే చాలు. పొట్టు దులిపి, బతికున్న బూజును మైక్రోస్కోపులో చూపిస్తా."

మేనేజరు తన తల తడుముకున్నాడు. అక్కడ చుండ్రు నిలవడానికి వెంట్రుకంటూ ఉంటేగా! ఇద్దరూ ఫ్యాక్టరీ అంతా గాలించారు. వాచ్‌మన్ తల నిగనిగలాడుతోంది. "మా పిన్ని కాచే ఆకునూనె సార్" అన్నాడు. ప్యాకింగ్ ఆడవాళ్లందరిదీ అదే పాట. తాము నింపే షాంపూ తాము కొనుక్కునేంత జీతం ఎవరికిచ్చారు గనక!

"సిగ్గుచేటు! మన షాంపూ వాడేవాడు ఒక్కడూ లేడా ఇక్కడ?" మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నల్లకోటు తొడుక్కుని ఓనరు దర్జాగా లోపలికొచ్చాడు. పిండిమర నుంచి నేరుగా వచ్చినట్టు కోటు భుజాలు రెండూ తెల్లగా ఉన్నాయి.

ల్యాబ్ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. మేనేజరు చెవిలో గుసగుసగా అంది:

"దొరికింది సార్, తల!"